మీగడ గ్రహం

ల్యూబింక మొగుడికి చెడ్డ అలవాట్లేమీ లేవు. తాగుడు పండగలకే. సిగరెట్లు డాక్టరు చెప్పిన మర్నాడే మానేశాడు. పక్కింటావిడ వంక చూడాలన్నా ముందు కళ్లజోడు వెతుక్కోవాలి. ఒక్కటే బాధ, వంటింట్లో దేన్నీ ఉండనివ్వడు. జల్లెడ కొంటే వారం తిరక్కుండా అది అంతరిక్ష నౌకకు తోక అవుతుంది. నిమ్మకాయలు పిండే గిన్నె రాడార్ అయింది. గుడ్లు పెట్టుకునే పింగాణీ కప్పులు ఆరు ఉండేవి, ఇప్పుడవి శుక్రగ్రహం మీద ఇంధనపు ట్యాంకులు. కిందటి నెల టీవీలో శత్రువుల నౌక ఒకటి పేలిపోతుంటే బెల్‌గ్రేడ్ అంతా ఊపిరి బిగబట్టి చూసింది. ల్యూబింక మాత్రం “అయ్యో, నా కాఫీ మర!” అని కుర్చీలోంచి లేచింది.

మొగుడి పేరు స్వెతోజార్. ఇంట్లో తోజా, టెలివిజన్ స్టూడియోలో మేస్త్రీ. ట్రిక్ వర్క్‌షాపులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. చేతిలో ఇమిడే ఊళ్లూ, బల్ల మీద పట్టే సముద్రాలూ, దారాలతో ఎగిరే నౌకలూ, అన్నీ ఆయన చేతివే. ఇప్పుడు దేశంలో మొట్టమొదటి అంతరిక్ష సీరియల్‌ను రంగుల్లో తీస్తున్నారు. నాలుగు భాగాలు వచ్చేశాయి. అయిదో భాగంలో మనుషులు కొత్త గ్రహం మీద దిగాలి. దిగడానికి నౌక ఉంది, మనుషులున్నారు, గ్రహమే లేదు.

తోజా చేసిన గ్రహాన్ని డైరెక్టరు రెండుసార్లు తిప్పి పంపాడు. మొదటిది సున్నంతో చేశాడు, ఎండిపోయిన రొట్టెపిండిలా ఉందన్నాడు. రెండోది మైనంతో చేశాడు, కరిగిన కొవ్వొత్తిలా ఉందన్నాడు. ట్రిక్ విభాగానికి అధికారి ఇంజనీర్ మిలూతిన్. ఆయన శనివారం ఒక కాగితం పంపాడు. శుక్రవారం మధ్యాహ్నం కార్యక్రమాల సంఘం వచ్చి చూస్తుంది, అప్పటికి గ్రహం లేకపోతే ఆ దృశ్యాలు విదేశాల నుంచి కొంటారు, చేతిపని వర్క్‌షాపును మూసేస్తారు, అందులో ఉన్న నలుగురినీ స్టోరుకు పంపుతారు. పెన్షన్‌కు ఇంకా రెండేళ్లున్న తోజా ఆ రెండేళ్లూ కిటికీ అవతల నిలబడి వడ్రంగులకు మేకులు లెక్కపెట్టి ఇవ్వాలి.

ఆదివారం పొద్దున వంటింటి బల్ల ముందు కూర్చుని ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెడుతున్నాడు, విప్పుతున్నాడు. ల్యూబింక మార్కెట్ నుంచి తెచ్చిన పాలను మరగబెట్టి, ఎత్తు నుంచి నురగ లేచేలా వెడల్పాటి నల్ల ఎనామిల్ పళ్లెంలో పోసింది. ఆ వెంటనే వంటింటి కిటికీ బార్లా తీసింది. ఎదురుగా బాల్కనీ తలుపు ముందే తీసి ఉంది.

“కిటికీ మూయి,” అన్నాడు తోజా.

“మీగడ కట్టాలి.”

“అటు తలుపు, ఇటు కిటికీ, మధ్యలో నేను. ప్రొమాయలో కూర్చోబెట్టి చంపుతావా?”

“ఇరవై ఎనిమిదేళ్లుగా ప్రయత్నిస్తూనే ఉన్నా. చావట్లేదుగా.”

ప్రొమాయ అంటే ఎదురెదురుగా తెరిచిన రెండింటి మధ్య దూరే గాలి. ఆ ఊళ్లో మెడ పట్టినా, పన్ను సలిపినా, మొహం వంకరపోయినా దానిదే నేరం. ఎండాకాలం ట్రామ్‌లో జనం చెమటలో ఉడుకుతూ ఉంటారుగానీ, రెండో కిటికీ మీద చెయ్యి వేసినవాడికి ఆ ట్రామ్‌లో బతుకు లేదు. ల్యూబింక ఒక్కతే ఆ మతంలో కలవలేదు. వాళ్లది కొండమీది పాలవాళ్ల ఇల్లు. అక్కడ పాలగదికి రెండు పక్కలా కంతలుండేవి.

తోజా కండువా మెడకు చుట్టుకుని గడ్డాన్ని బల్ల మీద ఆనించాడు. అలిగినప్పుడు ఆయన భంగిమ అదే. ల్యూబింక గిన్నె తోముతూ ఉంది. వెనక చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే మొగుడు గడ్డం బల్లమీదే ఉంచి, ఒక కన్ను మూసి, రెండో కన్నుతో పళ్లెం అంచు మీదుగా చూస్తున్నాడు.

“కదలకు,” అన్నాడు.

“నేనా?”

“నువ్వే. వెలుతురుకు అడ్డం రాకు.”

ఆమె కూడా వంగి చూసింది. పాల మీద పొర కట్టింది. గాలి తగిలిన వైపు నుంచి అది మెల్లగా ముడుచుకుంటోంది. ఒక మడత లేచి, ఆగి, దాని వెనక ఇంకోటి లేచింది. కిటికీ వెలుతురు పక్కనుంచి పడి ప్రతి మడతకూ పొడుగాటి నీడ ఉంది. కింద పాలు కదిలినప్పుడల్లా కొండల వరస మొత్తం నిద్రలో ఒత్తిగిల్లినట్టు జరిగింది. ఒకచోట పొర చిట్లి, లోపలి నుంచి ఆవిరి సన్నగా లేచింది.

“అగ్నిపర్వతం,” అన్నాడు తోజా.

“పై మీగడ,” అంది ల్యూబింక. “వేలు పెట్టావంటే చూడు.”

సోమవారం ఆరున్నరకే పాలక్యానూ నల్ల పళ్లెమూ బస్సెక్కాయి. పళ్లెం పోతున్నందుకు ల్యూబింక ఆ ఒక్కరోజూ ఏమీ అనలేదు. సాయంత్రం ఆయన ఉత్త క్యానుతో తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, సూపులో రొట్టె ముంచుకుంటూ యథాలాపంగా అడిగాడు:

“ల్యూబా, ఒక రసాయనానికి ఏం పేరు పెడితే గంభీరంగా ఉంటుంది?”

ఆమె గరిటె కింద పెట్టింది. “వాళ్లకేం చెప్పావు?”

“ఎమల్షన్ అని.”

“పాలని చెప్పలేదా?”

“ఎలా చెప్పను? ఆ మిలూతిన్ ఇప్పటికే మా వర్క్‌షాపును వంటిల్లు అంటాడు. మొన్న జల్లెడ చూసి, ఇందులో మకరోనీ వార్చారా మేస్త్రీ అనడిగాడు, నలుగురి ముందు. ఇప్పుడు పోయి మా ఆవిడ కాచిన పాలండీ అనాలా?”

“మరి ఎవరిచ్చారన్నావు?”

“జ్రెన్యానిన్‌లో తెలిసిన కెమిస్టు ఫార్ములా ఇచ్చాడన్నా.”

“ఆయన పేరు?”

తోజా రొట్టె నములుతూ సూపులోకి చూశాడు. “ల్యూబొమిర్.”

ల్యూబింక గరిటె మళ్లీ అందుకుంది. “పోన్లే,” అంది, “మొత్తంగా మర్చిపోలేదు. మగాణ్ణి చేసి, ఊరు మార్చావంతే. మీగడ కట్టిందా?”

“రేపు కడుతుంది.”

మంగళవారం కట్టలేదు. బుధవారం పొర కట్టిందిగానీ, సిగరెట్ కాగితంలా పల్చగా ఉండి, కెమెరా తిరగకముందే నడిమికి చిరిగింది. డైరెక్టరు రాస్త్కో అది గ్రహమా, జ్వరమొచ్చినవాడి దుప్పటా అన్నాడట. ఇంజనీర్ మిలూతిన్ ఎమల్షన్‌లో జిగురు శాతం తక్కువైందని రాసుకుని, జ్రెన్యానిన్ కెమిస్టుకు ఫోన్ చేయమన్నాడట.

“నీ పాలే బాలేవు,” అన్నాడు తోజా, బూట్లు కూడా విప్పకుండా. “ఆ మార్కెట్‌లో ముసలామె నీళ్లు కలుపుతోంది.”

“ఆమె ముప్పై ఏళ్లుగా కలుపుతోంది, మనింట్లో కడుతూనే ఉంది. మీ హాల్లో గాలి ఉందా?”

“ఏం గాలి?”

“గాలయ్యా. పాలమీద పోయే గాలి. తలుపులు తీసున్నాయా?”

తోజా ఆమె వంక జాలిగా చూశాడు. “మా రాస్త్కోకు మెడ పట్టేసి పది రోజులైంది. జూన్‌లో ఉన్ని కండువాతో తిరుగుతున్నాడు. తలుపు కింద సందులో కూడా గోనె కుక్కాం.”

“అదీ సంగతి. ఆవిరి పోవడానికి దారేది? రెండు తలుపులూ తీయించు. ఎదురెదురువి.”

“ముప్పైమందిని ప్రొమాయలో కూర్చోబెట్టమంటావు.”

“మీగడను కూర్చోబెట్టమంటున్నా.”

“లైట్ల కింద చెమటతో ఉన్న మనుషులు! ఒక్కొక్కడికీ ఊపిరితిత్తులు పట్టేస్తాయి. పైగా ఏమని చెప్పను? మా ఆవిడ తీయమందనా? నీకు తెలియదులే ల్యూబా, ఇది సినిమా సాంకేతికం.”

ల్యూబింక బల్ల తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. పక్కగదిలో ఆయన మంచం కిర్రుమనేదాకా ఆ గుడ్డ ఆమె చేతిలోనే ఉంది.

గురువారం ఆయన ఎప్పటిలా క్యాను తీసుకుని వెళ్లాడు. తొమ్మిదింటికి ల్యూబింక మార్కెట్‌లో ఇంకో ఎనిమిది లీటర్లు కొని, పెద్ద కుండలో పోసి, మూతను గుడ్డతో బిగించి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. రెండు మలుపుల దగ్గర పాలు ఆమె స్కర్టును పలకరించాయి.

గేటు దగ్గర కాపలాదారు ఆపాడు. “ఎక్కడికమ్మా?”

“ట్రిక్ హాలుకు. గ్రహం తెచ్చాను.”

“ఏ గ్రహం?”

“ఎనిమిది లీటర్లది. పట్టుకో కాస్త, చేతులు పడిపోతున్నాయి.”

ఆయన పట్టుకున్నాడు. పట్టుకున్నాక పాస్ అడగడానికి చేతులు ఖాళీ లేవు. హాలు దాకా ఆయనే మోసి, తలుపు ఒక మనిషి దూరేంతే తీసి, ఆమె కుండతో లోపలికి వెళ్లగానే వెనక నుంచి గట్టిగా మూశాడు. ఆయనా ఆ ఊరివాడే.

లోపల ఆవిరి స్నానాల గదిలా ఉంది. నల్ల గుడ్డల మధ్య ఎత్తయిన బల్ల మీద ఆమె పళ్లెం, దాని కింద రెండు కరెంటు పొయ్యిలు. పక్కన మోకాలి ఎత్తులో కెమెరా. దాని వెనక బోర్లా పడుకున్న ఎమిల్ మాటిమాటికీ కటకం తుడుచుకుంటున్నాడు. తెల్లజుట్టు మనిషి, తోజాకు పాత స్నేహితుడు, మాట తక్కువ. ఓ మూల వెండిరంగు దుస్తుల్లో వ్యోమగామి మోటారుసైకిల్ శిరస్త్రాణం ఒళ్లో పెట్టుకుని పొరల రొట్టె బురెక్ తింటున్నాడు. కండువా చుట్టుకున్న రాస్త్కో మెడ తిప్పలేక, ఎవరితో మాట్లాడాలన్నా నిలువెల్లా తిరుగుతున్నాడు.

“ఇంకా వేడి పెంచండి,” అంటున్నాడు ఇంజనీర్ మిలూతిన్, చేతిలో థర్మామీటరుతో. “పైన ఆ గాలి కంతను కూడా మూసేయండి. ఎమల్షన్‌కు స్థిరమైన వాతావరణం కావాలి.”

తోజా నిచ్చెనెక్కి కంత మూసి దిగాడు. దిగేసరికి పెళ్లాం పొయ్యి దగ్గర కుండ మూత విప్పుతోంది.

ఆయన నిచ్చెనను అక్కడే వదిలేశాడు. దగ్గరికొచ్చి పళ్ల మధ్యనుంచి అడిగాడు: “ఎలా వచ్చావు?”

“బస్సులో.”

“ఎవరైనా అడిగితే?”

“ల్యూబొమిర్ పంపాడంటాను. పక్కకు జరుగు.”

ఎవరూ అడగలేదు. పని తెలిసిన చేతులు కదులుతుంటే అవి ఎవరివని ఆ హాల్లో ఎవరూ పట్టించుకోరు. ఆమె పళ్లెంలో పాతవి పారబోసి, తుడిచి, కొత్తవి పొంగు రానిచ్చి, భుజం ఎత్తు నుంచి నురగ లేచేలా పోసింది. పొయ్యిలు రెండూ ఆర్పింది. మిలూతిన్ థర్మామీటరు చూసుకుని, “ఎవరు ఆర్పమన్నారు?” అంటుండగానే ఆమె కొంగు నడుముకు దోపుకున్నంత ధీమాగా చొక్కా చేతులు మడిచి, సామాన్లు వచ్చే పెద్ద తలుపు దగ్గరకు నడిచింది. గోనెను కాలితో పక్కకు తోసింది. గొళ్లెం లాగింది. అక్కడి నుంచి హాలు దాటి ఎదురుగా ఉన్న చిన్న తలుపు కూడా తీసింది.

గాలి లోపలికొచ్చింది. నల్లగుడ్డలు కడుపు నింపుకున్నట్టు ఉబ్బాయి.

“తలుపు!” అని మొదట అరిచింది తోజాయే. అలవాటు కొద్దీ అరిచాక, తీసిందెవరో చూసి నోరు మూసుకున్నాడు.

“ప్రొమాయ!” అని వ్యోమగామి శిరస్త్రాణం తగిలించుకున్నాడు. రాస్త్కో రెండు చేతులతో మెడ పట్టుకుని నిలువెల్లా తిరిగాడు. “ఎవరది? నన్ను చంపుతారా? మూయండి!” ఇద్దరు తలుపుల వైపు పరుగెత్తారు.

“ఎవరూ కదలొద్దు,” అన్నాడు ఎమిల్, నేల మీద నుంచి. అరవలేదు. అందుకే అందరికీ వినపడింది. “కొండ లేస్తోంది.”

కెమెరా అప్పటికే తిరుగుతోంది. గాలి తగిలిన అంచు నుంచి మొదటి మడత లేచింది. ఊదారంగు దీపం పక్కనుంచి పడి దాని నీడ లోయలోకి జారింది. వెనక రెండోది, మూడోది. పొర చిక్కబడి, బిగిసి, ఒకదాని మీదికి ఒకటి ఒరిగి, ఒకచోట చిట్లి ఆవిరి చిమ్మింది. ముప్పైమంది పెద్దవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ప్రొమాయలో నిలబడిపోయారు. ఒకడు టోపీని చెవుల దాకా లాక్కున్నాడు. ఒకామె ఫైలును వీపుకు అడ్డం పెట్టుకుంది. రాస్త్కో కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. అది మెడకో గ్రహానికో తెలియదు. తొమ్మిది నిమిషాలు అలాగే ఉన్నారు.

“అయింది,” అన్నాడు ఎమిల్. అప్పుడు తలుపులు రెండూ ఒక్కసారే దభీమన్నాయి.

అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మిలూతిన్ గబగబా రాసుకుంటున్నాడు: ఉష్ణోగ్రత తగ్గింపు, గాలి ప్రవాహం. “మేస్త్రీ, తలుపులు తీయమని కెమిస్టు ముందే చెప్పాడా?”

ల్యూబింక కుండ మూతకు గుడ్డ కడుతూ ఆగింది. తోజా ఆమె వంక చూశాడు, తర్వాత తన బూట్ల వంక చూశాడు.

“అదీ… ఫోన్‌లో అన్నాడు,” అన్నాడు.

ఆమె ముడి బిగించింది. కుండ ఖాళీదే అయినా వచ్చేటప్పటికంటే బరువుగా ఉన్నట్టు పట్టుకుని బయటకు నడిచింది. తలుపు దగ్గర ఎమిల్ పళ్లెం అంచు నుంచి వేలితో తీసిన కొంచెం మీగడ నోట్లో వేసుకుంటూ ఎదురొచ్చాడు.

“ఉప్పు వేసి రెండ్రోజులు ఉంచితే రొట్టెలోకి ఇంకా బాగుండేది వదినా,” అన్నాడు మెల్లగా. “రేపు పన్నెండింటికి చూసే గదికి రండి. గేటు దగ్గర మీ పేరు నేను చెబుతా. మీ పేరే.”

ఆ సాయంత్రం ఇంట్లో మాటలు ఉప్పు అందుకోవడానికీ, గడియారానికి కీ ఇవ్వడానికీ సరిపోయాయి. ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే తోజా హాయిగా పోట్లాడి నిద్రపోయేవాడు.

శుక్రవారం ఆమె నీలంరంగు దుస్తులు వేసుకుని, చివరి వరసలో తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. ముందు వరసలో సంఘం నుంచి ముగ్గురు, మధ్యలో సంఘానికి అధ్యక్షురాలైన పెద్దావిడ. వాళ్ల వెనక వరసలో రాస్త్కో, మిలూతిన్, తోజా, ఎమిల్. తోజా వెనక్కి చూడలేదు. ఆమె వచ్చిన సంగతి ఆయనకు తెలియదు.

దీపాలు ఆరాయి. తెర మీద నౌక మెల్లగా దిగుతూ వచ్చింది. దాని తోకలో ఉన్న జల్లెడను ల్యూబింక గుర్తుపట్టి లోపలే పలకరించింది. తర్వాత గ్రహం వచ్చింది. తొమ్మిది నిమిషాలను నెమ్మది చేసి చూపిస్తే, ఊదారంగు పర్వతాలు యుగాల తరబడి లేస్తున్నట్టుంది. ముందు వరసలో సిగరెట్ ఒకటి కొనదాకా కాలినా దులపలేదు. కింద పాలని తెలిసిన ల్యూబింకకే ఒక్క క్షణం అక్కడ దిగడానికి భయమేసింది.

దీపాలు వెలిగాక పెద్దావిడ వెనక్కి తిరిగింది. “ఇది మన దగ్గరే చేశారా? కొనలేదా?”

“మా విభాగంలోనే,” అన్నాడు మిలూతిన్ లేచి. “ఒక ప్రత్యేకమైన ఎమల్షన్. నియంత్రిత వాతావరణంలో…”

“అయితే వర్క్‌షాపును మూయడమేమిటి? ఆ కాగితం వెనక్కి తీసుకోండి. మిగతా భాగాలకూ వీళ్లే చేస్తారు.”

తోజా భుజాలు వారం తర్వాత మొదటిసారి కిందికి దిగాయి. రాస్త్కో ఆయన వీపు తట్టాడు. మిలూతిన్ ఒక పత్రం తీసి ఆయన ముందు పెట్టాడు. “మేస్త్రీ, పద్ధతి పేరూ, రూపొందించినవారి పేరూ. నేను ‘విభాగం సమష్టి కృషి, కెమిస్టు ల్యూబొమిర్ సలహాతో’ అని రాశా. కింద సంతకం చేయండి.” కలం ఆయన చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి, చివరి వరసలో నీలం దుస్తుల్లో ఉన్న మనిషిని చూశాడు. “అమ్మా, ఏడు కాఫీలు తెస్తారా? ఒకటి చక్కెర లేకుండా. త్వరగా.”

ల్యూబింక లేచింది. ఎందుకు లేచిందో ఆమెకూ తెలియదు. కాఫీ అనగానే లేవడం కాళ్లకు అలవాటు.

తోజా అప్పుడు చూశాడు ఆమెను. సంచి భుజానికి తగిలించుకుని తలుపు గడి మీద చెయ్యి వేసిన పెళ్లాన్ని.

“కూర్చో ల్యూబా,” అన్నాడు.

అందరూ తిరిగారు. రాస్త్కో నిలువెల్లా తిరిగాడు.

“మీకు తెలిసినావిడా?” అన్నాడు మిలూతిన్.

“మా ఆవిడ.” తోజా కలాన్ని పత్రం మీద పెట్టేశాడు. లేచి నిలబడ్డాడు, టోపీ లేకపోయినా టోపీ తీసినట్టు జుట్టు సవరించుకున్నాడు. “ఇంజనీరు గారూ, జ్రెన్యానిన్‌లో కెమిస్టెవరూ లేడు. అది ఎమల్షన్ కాదు, పాలు. మీగడ. మా వంటింట్లో కడుతుంది.”

గదిలో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. పెద్దావిడ కళ్లజోడు తీసి తెర వంక, ఖాళీ తెరే అయినా, మళ్లీ చూసింది. “మీగడా?”

“మీగడే. పొంగించి, ఎత్తు నుంచి పోసి, గాలికి పెట్టాలి. అది కనిపెట్టింది నేను కాదు. నిన్న ఆ తలుపులు తీసింది కూడా ఆవిడే.”

“మేస్త్రీ,” అన్నాడు మిలూతిన్, మొహం ఎర్రబడి, “ఇది అధికారిక పత్రం. వంటింటి సంగతులు అందులో రాస్తే మన విభాగం పరువేం కాను?”

“నిన్నటిదాకా నేనూ అదే అనుకున్నా. అందుకే అబద్ధమాడా.” తోజా వేళ్లకు అంటిన జిగురును గీరుకుంటూ, నేల వంక చూస్తూ గొణిగాడు: “బుధవారమే చెప్పింది తలుపులు తీయమని. నీకు తెలియదులే అన్నా. తెలియనిది నాకే.”

“ఏమన్నారు?” అన్నాడు రాస్త్కో, మెడ ముందుకు చాచలేక.

చివరి వరసలో ల్యూబింక సంచి ఒళ్లో పెట్టుకుని తాపీగా కూర్చుంది.

“కాస్త గట్టిగా చెప్పు తోజా,” అంది. “ఇక్కడికి వినపడట్లేదు.”

ఆయన తల ఎత్తాడు. ముందు వరస, ఇంజనీరు, డైరెక్టరు, అందరినీ దాటి వెనక్కి చూసి, హాల్లో తలుపు మూయమని అరిచినంత గట్టిగా అన్నాడు:

“తప్పు నాదే, ల్యూబా! నాదే తప్పు!”